అణుశాస్త్ర తపస్వి స్వామి జ్ఞానానంద

విశాఖపట్టణమనిన మనకు వెంటనే ఓడరేవు స్ఫురించును. నౌకానిర్మాణ కేంద్రము స్ఫురించును. ఉక్కు కర్మాగారము స్ఫురించును. కాని ఆ నగరమున, సముద్రమునకు ఎగువనున్న వాల్తేరు మెట్టలపై, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆవరణలో, ఒక సన్న్యాసి పేరు ధరించిన అణు పరిశోధనాలయము కలదని ఎరిగినవారు కొలదిమందియే. ఆ సన్న్యాసి శ్రీ స్వామి జ్ఞానానందగారు. పుస్తకములున్న ఒక పల్లెటూరి ఇంటిలో పుట్టి, పరమాణు గర్భము వరకు పయనించిన ఆ మహనీయుని చరిత్రను మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో స్మరించుకొనుట మిక్కిలి సముచితము.

పశ్చిమగోదావరి జిల్లాలో భీమవరమునకు సమీపమున గొరగనమూడి యను గ్రామము కలదు. అచ్చట 1896 సంవత్సరము డిసెంబరు 5వ తేదీన భూపతిరాజు వారి వంశమున వీరు జన్మించిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు లక్ష్మీనరసింహరాజు. తండ్రి రామరాజుగారు వైదిక గ్రంథములను విశేషముగ సేకరించినవారు. ఆ పుస్తకముల నడుమ పెరిగిన బాలునకు వేదాంతమునందును యోగశాస్త్రమునందును చిన్ననాటనే ఆసక్తి అంకురించినది. ఒక ఇంటిలో నాలుగు మంచి పుస్తకములుండుట ఒక జీవితమును ఎంత దూరము నడిపింపగలదో వీరి చరిత్రయే సాక్ష్యము.

వీరు జన్మించిన కాలము కూడ గమనింపదగినది. 1895 చివర జర్మనీ దేశమున రాంట్జెన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొనెను. 1896లో ఫ్రాన్సు దేశమున బెకెరల్, యురేనియము లవణములనుండి తమంతట తామే వెలువడు కిరణములను గుర్తించెను. 1898లో క్యూరీ దంపతులు రేడియమును లోకమునకు చాటిరి. ఈ విధముగ కిరణశాస్త్రమును, జ్ఞానానందగారును ఒకే ఈడువారు. గొరగనమూడిలో ఊయలలోనున్న శిశువునకును, యూరపు ఖండములో పుట్టుచున్న ఆ శాస్త్రమునకును ఏదేని సంబంధము కలుగునని నాడు ఊహింపగలవాడెవ్వడు?

నరసాపురమందలి టేలర్ ఉన్నత పాఠశాలలో విద్యాభ్యాసము జరిగినది. అయినను మనస్సు చదువుకంటె సత్యాన్వేషణముపైననే లగ్నమై యుండెను. యౌవనమున ఇల్లు విడిచిరి. బుద్ధభగవానుడు జన్మించిన లుంబినీ మొదలగు పుణ్యస్థలములను దర్శించి, హిమాలయ ప్రాంతములలో సంవత్సరముల తరబడి యోగసాధనలో గడపి, జ్ఞానానంద నామధేయమును స్వీకరించిరి. అప్పటికి వీరి కథ మన దేశములో పుట్టిన అనేక సాధుపుంగవుల కథవంటిదే.

కథ మలుపు తిరిగినది 1927 ప్రాంతమున. యోగవిద్యను గూర్చి ఉపన్యసించుచు స్వామివారు జర్మనీ దేశమునకు వెళ్లి డ్రెస్డెన్ నగరమున నివసించిరి. ఆ కాలమున యూరపులో పండితులనెల్ల కలచివేయుచున్న విషయము ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతము. కాలమును, దేశమును, ద్రవ్యమును గూర్చి వేదాంతి అడుగు ప్రశ్నలనే ఈ కొత్త శాస్త్రము గణితముతో అడుగుచున్నట్లు వారికి తోచినది. సాధారణముగ అట్టి సందర్భమున మనవారు ఇదంతయు మా శాస్త్రములలో ఉన్నదేయని తృప్తిపడుదురు. స్వామివారు అట్లు తృప్తిపడలేదు. ముప్పది యేండ్లు దాటిన వయస్సున, పరదేశమున, పరభాషలో, గణితమును భౌతికశాస్త్రమును మొదటినుండి నేర్చుకొనుటకు విద్యార్థుల నడుమ కూర్చుండిరి. వీరి జీవితములో దీనికంటె గొప్ప తపస్సు వేరొకటి లేదని చెప్పవచ్చును.

డ్రెస్డెన్ నుండి ప్రాగ్ నగరమునకు చేరి, అచ్చటి ప్రఖ్యాతమైన చార్లెస్ విశ్వవిద్యాలయమున డోలెయ్‌షెక్ ఆచార్యుని వద్ద ఎక్స్ కిరణముల వర్ణపట శాస్త్రమునందు పరిశోధన చేసి డాక్టరు పట్టమును పొందిరి. ఒక్కొక్క మూలకము విడుదల చేయు ఎక్స్ కిరణములకు ఒక్కొక్క ప్రత్యేకమైన ముద్ర యుండును. ఆ ముద్రను అతి సూక్ష్మముగ కొలిచి చూచుటయే ఈ శాస్త్రము. అచ్చటనే కొలతయనునది వారి జీవితవ్రతమైనది.

ఇట్టి పరికరములలో గాలి యున్నచో పని సాగదు. కిరణములను గాలి అణువులు అడ్డగించి దారి మళ్లించును. కావున లోహపు పేటికలలోనుండి గాలిని తోడివేసి, వాతావరణ పీడనములో కోట్లవ వంతు మాత్రమే మిగులునట్లు శూన్యమును కల్పింపవలెను. ఎచ్చటనో కంటికి కనరాని పగులున్నను దినముల శ్రమ వ్యర్థమగును. స్వామివారు ఈ విద్యలో అసాధారణమైన ప్రావీణ్యము సంపాదించిరి. అధిక శూన్యముల ఉత్పత్తిని, మాపనమును గూర్చి వారు ఆంగ్లమున రచించిన పెద్ద గ్రంథము 1947లో న్యూయార్కు నగరమున వెలువడినది. యోగి రచించిన శాస్త్రగ్రంథమునకు శూన్యము విషయమగుట చమత్కారముగ తోచవచ్చును. కాని ఆ గ్రంథములో వేదాంతము లేదు, పంపులు, గొట్టములు, మాపకములు, సూత్రములు మాత్రమే కలవు.

ప్రాగ్ తరువాత ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయమున సర్ జేమ్స్ చాడ్విక్ పండితుని వద్ద చేరిరి. 1932లో న్యూట్రానును కనుగొని 1935లో నోబెల్ బహుమానము నందిన మహాశాస్త్రజ్ఞుడాయన. అచ్చట స్వామివారు బీటా కిరణముల వర్ణపటమాపకమును స్వయముగ రూపొందించి నిర్మించిరి. రేడియోధార్మిక పదార్థమునుండి వెలువడు ఎలక్ట్రానులకే బీటా కిరణములని పేరు. అయస్కాంత క్షేత్రములో అవి వంగి ప్రయాణించును. వేగము తక్కువైనది ఎక్కువగ వంగును, ఎక్కువైనది తక్కువగ వంగును. ఆ వంపును కొలిచినచో దాని శక్తి తెలియును. ఆ శక్తి తెలిసినచో కేంద్రకము యొక్క అంతర్నిర్మాణము కొంత తెలియును. అటుపిమ్మట అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమునకు వెళ్లి రేడియోధార్మిక ఐసోటోపులపై పరిశోధన సాగించిరి.

దేశమునకు స్వాతంత్ర్యము లభించిన కాలమున స్వామివారు తిరిగివచ్చి, ఢిల్లీలోని జాతీయ భౌతిక పరిశోధనాలయమున కొంతకాలము పనిచేసిరి. 1954లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి ఆహ్వానముపై వాల్తేరు చేరిరి. నాటి ఉపాధ్యక్షులు శ్రీ వి. ఎస్. కృష్ణగారు. స్వామివారి వయస్సు అప్పటికి ఏబదియేడు దాటినది. పరులు విశ్రాంతిని గూర్చి ఆలోచించు వయస్సున వారు కొత్త శాఖకు పునాది త్రవ్వుటకు పూనుకొనిరి.

ఆనాటి విశాఖపట్టణము నేటి మహానగరము కాదు. 1933లో రేవు తెరువబడినది. 1948లో జల ఉష నౌక సముద్రమున ప్రవేశపెట్టబడినది. ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరుగుటకు 1971 వరకు వేచియుండవలెను. అట్టి పట్టణమున అణుశాస్త్రమును బోధించుట, అంతకుమించి పరిశోధించుట, సాహసకార్యమే. 1954లోనే బొంబాయి సమీపమున ట్రాంబేలో అణుశక్తి సంస్థ నెలకొల్పబడినది. 1956 ఆగస్టులో అప్సర రియాక్టరు పనిచేయ నారంభించినది. అదే 1956లో వాల్తేరులో అణుభౌతిక శాస్త్రము ప్రత్యేక శాఖగా రూపొందినది. ట్రాంబేలో దేశ ప్రభుత్వపు అండ యుండెను. వాల్తేరులో ఒక వృద్ధ సన్న్యాసియు, కొందరు యువ విద్యార్థులును ఉండిరి.

ఆ యువకులు చేసిన పని యేమి? పెక్కు పనులలో ఒకదానిని మాత్రము ఇచ్చట విస్తరించి చెప్పుదును. ఏలయన దాని ఫలము నేడు రోగుల పడకల వరకు చేరినది. గామా కిరణములు ఒక పదార్థముగుండ పోవునపుడు వానిలో ఎన్ని ఆ పదార్థమున చిక్కుకొనును, ఎన్ని దారి తప్పును, ఎన్ని చెక్కుచెదరక బయటపడును అను ప్రశ్నకు అంకెలతో సమాధానము చెప్పుటయే ఆ పని. ఒకవైపు రేడియోధార్మిక పదార్థము నుంచుదురు. రెండవవైపు కిరణము సోకినపుడు మినుకుమను సోడియం అయోడైడ్ స్ఫటికము నుంచుదురు. మధ్య రాగిరేకో, తగరపురేకో, సీసపురేకో పెట్టి మెరుపులను లెక్కించుదురు. రేకు తీసి మరల లెక్కించుదురు.

వినుటకిది సులభము; చేయుటకు కఠినము. రేకులో తగిలి పక్కకు చెదరిన కిరణము స్ఫటికమున ప్రవేశించినచో లెక్క తప్పును. కావున సన్నని రంధ్రముగల సీసపు దిమ్మలను వెంట్రుకవాసి తేడా లేక అమర్చవలెను. మరియు కిరణములు గడియారపు టిక్కుటిక్కులవలె క్రమముగ రావు, యాదృచ్ఛికముగ వచ్చును. పదివేలు లెక్కించినచో నూరు అటునిటు కావచ్చును, అనగా నూటికి ఒకటి అనిశ్చితి. దానిని పదవ వంతునకు తగ్గింపగోరినచో పదివేలకు బదులు పదిలక్షలు లెక్కింపవలెను. గంటలు, దినములు, రాత్రులు ఇట్లు గడచును. జపమాలను త్రిప్పినవాడు ఈ లెక్కకు విసుగుచెందడేమో! స్వామివారును వారి శిష్యులును కలిసి ఈ విషయములపై ప్రకటించిన పరిశోధన పత్రములు వాల్తేరు పేరును విదేశీ శాస్త్రజ్ఞులకు పరిచయము చేసినవి. వానిపై వారి సంతకము సన్న్యాసనామమే.

స్వామివారు వైద్యులు కారు. ఒక్క రోగికిని వారు చికిత్స చేయలేదు. కాని రాచపుండునకు, అనగా క్యాన్సరు వ్యాధికి, కిరణములతో చేయు చికిత్స ఈ కొలతలపైననే ఆధారపడి యున్నది. మన పల్లెలలో కరెంటు పెట్టుట అని వ్యవహరించునది ఈ చికిత్సయే. నిజమునకు అందులో విద్యుత్తు రోగి శరీరమున ప్రవేశించదు. కిరణములు మాత్రమే ప్రవేశించును. 1951లో కెనడా దేశమున మొదటిసారిగ కోబాల్టు 60 అను రేడియోధార్మిక పదార్థముతో ఈ చికిత్స ప్రారంభమైనది. అది సుమారు 5 సంవత్సరముల 3 మాసములకు సగమై తరుగును. దాని గామా కిరణముల శక్తి 11.7 లక్షలు, 13.3 లక్షల ఎలక్ట్రాను వోల్టులు. అట్టి కిరణములు సన్నని ధారగ పోవునపుడు, సుమారు 11 సెంటీమీటర్ల నీరు దాటునప్పటికి సగము చెక్కుచెదరక మిగులును. 22 సెంటీమీటర్లు దాటునప్పటికి పావువంతు మిగులును. మానవ శరీరములో అధిక భాగము నీరే కదా! కావున లోతుననున్న కంతికి ఎంత కిరణశక్తి చేరునో ముందుగ లెక్కింప వీలగుచున్నది.

ఇంకొక సూక్ష్మము కలదు. తక్కువ శక్తిగల ఎక్స్ కిరణములను మాంసముకంటె ఎముక అనేక రెట్లు ఎక్కువగ గ్రహించును. ఛాయాచిత్రములో ఎముక తెల్లగ కనబడుటకు కారణమిదియే. కాని అట్టి కిరణములతో చికిత్స చేసినచో కంతికంటె ఎముకకును చర్మమునకును ఎక్కువ హాని కలుగును. కోబాల్టు కిరణములవంటి హెచ్చుశక్తి కిరణములకు ఈ భేదము దాదాపు అంతరించును. అంతేకాక వాని తీవ్రత చర్మముపైన గాక అరసెంటీమీటరు లోతున ఎక్కువగ నుండును. ఏ శక్తివద్ద ఏ మూలకము ఎట్లు గ్రహించునో తెలుపునవి వాల్తేరు మొదలగు ప్రయోగశాలలలో కొలిచినట్టి అంకెలే.

ఈ అంకెలలో పొరపాటు ప్రాణాంతకము. కిరణము తగిన మోతాదుకంటె తక్కువైనచో కంతి మిగిలి మరల పెరుగును. ఎక్కువైనచో పక్కనున్న పేగో, వెన్నుపామో, కన్నో చెడును. కంతికి చేరు మోతాదు ఉద్దేశించినదానికి నూటికి 5 వంతులకు మించి తేడా యుండరాదని అంతర్జాతీయ నిపుణ సంఘము 1976లో సూచించినది. తొలినాటి కిరణవైద్యులు కొలత తెలియక తమ వ్రేళ్లను, కొందరు ప్రాణములను కోల్పోయిరి. రేడియమును కనుగొన్న మేరీ క్యూరీయే 1934లో రక్తహీనతతో మరణించెను. దీర్ఘకాలము కిరణములకు లోనగుటయే అందులకు కారణమని చెప్పుదురు. అదే కిరణము అమృతమగుటకును విషమగుటకును నడుమనున్న గోడ కొలతయే.

నేడు ఈ గణనమును కంప్యూటరులు చేయుచున్నవి. జూదమునకు ప్రసిద్ధిచెందిన మాంటే కార్లో పట్టణము పేరుతో ఒక పద్ధతి కలదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికాలో ఉలామ్, ఫాన్ న్యూమన్ పండితులు దానిని కల్పించిరి. కంప్యూటరు ఒక్కొక్క కిరణమును విడివిడిగ అనుసరించి, అది ఎచ్చట ఢీకొనును, ఎటు మళ్లును, ఎంత శక్తి విడుచును అను విషయములను పాచికలు వేసినట్లు నిర్ణయించును. ఇట్లు కోట్లకొలది కిరణముల కథలను కూర్చి రోగి దేహములో మోతాదు పటమును చిత్రించును. దానిపైన జీవశాస్త్ర గణనము చేరును. కిరణము జీవకణమునందలి డి.ఎన్.ఏ. పోగులను తెంచును, ఆరోగ్యకణములు ఆ తెగుళ్లను క్యాన్సరు కణములకంటె మెరుగుగ బాగుచేసికొనగలవు. అందుచేతనే మోతాదును ఒక్కసారి గాక, చిన్న చిన్న భాగములుగ అయిదారు వారములు పంచి ఇత్తురు. ఏ భాగము ఎంత యుండవలెనో సూత్రములు చెప్పును. కాని ఎంత వేగముగల కంప్యూటరైనను పాచికలను తానై మలచుకొనజాలదు. ఆ పాచికల ముఖములపైనున్న అంకెలు ప్రయోగశాలలో, స్ఫటికము ముందు, ఓపికతో లెక్కించిన అంకెలు. అవి తప్పైనచో గణనమంతయు తప్పే.

ఇచ్చట ఒక విచిత్రమైన సామ్యమును చెప్పక తప్పదు. స్వామివారు పుట్టుటకు రెండేండ్లకు లోపుననే, 1895 జనవరిలో, భీమవరమున డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. ఆయనయు యౌవనమున సన్న్యసింపగోరినవాడే. తల్లి అంగీకరింపనందున వైద్యమును చదివి, అమెరికా చేరి, క్యాన్సరు కణములను అరికట్టు మందులకు మార్గము తీసి, 1948లో దివంగతుడయ్యెను. ఆ పరిశోధనలనుండి వచ్చిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ఒకే సీమనుండి బయలుదేరిన ఇరువురిలో ఒకరు సన్న్యాసమును కోరి శాస్త్రజ్ఞుడైరి. ఒకరు సన్న్యాసియై శాస్త్రమును కోరిరి. ఒకరు రాచపుండునకు మందు దారి చూపిరి. వేరొకరు కిరణములను కొలుచు విద్యను మనదేశమున నాటిరి.

స్వామివారు 1965లో ఉద్యోగవిరమణ చేసిరి. 1969 సెప్టెంబరు 21వ తేదీన పరమపదించిరి. విశ్వకళాపరిషత్తువారు వారు నెలకొల్పిన పరిశోధనాలయమునకు వారి పేరే పెట్టి గౌరవించిరి. వారు ఆస్తిపాస్తులు కూర్చలేదు; శిష్యులను కూర్చిరి. కొలుచుట నేర్చిన చేతులను మిగిల్చిపోయిరి.

కాలము ఆ విత్తనమునకు తగిన చోటునే చూపినది. ఉక్కు కర్మాగారమునకు చేరువన, అగనంపూడిలో, టాటా స్మారక కేంద్రము వారి హోమీ భాభా క్యాన్సరు వైద్యశాల నేడు వెలసియున్నది. ఉత్తరాంధ్ర పల్లెల రోగులకు ఒకనాడు మద్రాసుకో బొంబాయికో పోవలసియుండిన దూరము తగ్గినది. అట్టి చోట్ల కిరణయంత్రముల గొట్టములలో ఎలక్ట్రానులు పరుగెత్తుటకు అధిక శూన్యము కావలెను. ఆ శూన్యవిద్యను గూర్చి స్వామివారు గ్రంథము వ్రాసిరి. ఆ కిరణముల మోతాదు కట్టుటకు గ్రహణాంకములు కావలెను. వానిని కొలుచుటను వారు నేర్పిరి. యంత్రము ముందు పండుకొనిన కూలివానికి గాని, మత్స్యకార స్త్రీకి గాని ఆ పేరు తెలియదు. తెలియనక్కరలేదు. మంచి కొలత యొక్క లక్షణమే అది. చేసినవాని పేరు మరుగై, ఫలము మాత్రము మిగులును.

కిరణచికిత్సను గూర్చి గ్రామములలో భయమును, అపోహయు ఇంకను కలవు. శరీరమును కాల్చివేయుదురని, చికిత్స పొందినవానిని తాకరాదని అనుకొనువారు కలరు. వెలుపలి యంత్రముతో కిరణచికిత్స పొందినవానిలో కిరణము నిలిచియుండదు. దీపము ఆర్పగనే వెలుగు పోయినట్లు యంత్రము ఆగగనే అదియు పోవును. లోపలికి మందుగ ఇచ్చు రేడియోధార్మిక అయోడీను వంటివానికి మాత్రము వైద్యులు చెప్పిన దినములవరకు దూరము పాటింపవలెను. ఈ తెలివిడిని కలిగించుట గ్రంథాలయముల విధి. కంతి కనబడగనే తడవు చేయక వైద్యుని చూడవలెనను ఒక్కమాట మన గ్రంథాలయమునుండి ఇంటింటికి చేరినను, ఈ ఇరువదియైదు సంవత్సరముల శ్రమ కొంత సార్థకమగును.

స్వామి జ్ఞానానందగారి చరిత్రనుండి మన యువకులు గ్రహింపదగినది రెండు విషయములు. విద్య నారంభించుటకు వయస్సు మించిపోవుట యనునది లేదు. ముప్పది దాటి గణితము మొదలుపెట్టినవారు అరువది యేండ్లు సమీపించు వయస్సున అణుశాస్త్ర శాఖను నెలకొల్పిరి. రెండవది, సత్యమును ప్రేమించుట చాలదు. దానిని ఓర్పుతో కొలువవలెను. రామరాజుగారి ఇంటి గ్రంథములవలె మన గ్రంథాలయపు గ్రంథములును ఏ బాలుని చేతనో పడి, అతనిని ఏ దూరతీరమునకో చేర్చునుగాక యని కోరుచు విరమించుచున్నాను.